హాజరుపట్టీలోని పిల్ల

గవరమ్మ పంతులమ్మను ఎవరైనా ఏదైనా అడిగితే, ఆవిడ ముందు వాళ్ల చేతికి ఓ పని ఇచ్చేది. చింతపండు పిక్కలు తీయమనేది, లేకపోతే నూతిలో పడ్డ చేద పైకి తీసిపెట్టమనేది. పని అయ్యాక సమాధానం చెప్పేదా అంటే అదీ లేదు. అడగవచ్చినవాళ్లు చేతుల నిండా చింతపండు జిగురుతో, మనసు నిండా అనుమానంతో ఇంటిదారి పట్టేవారు. అయినా ఆ చుట్టుపక్కల బళ్లలో కొత్తగా చేరిన పంతుళ్లు ఆవిడ అరుగు మీదికి వస్తూనే ఉండేవారు. రెండు రోజులు ఓపిక పడితే, ఆ తర్వాత జరిగేదానిలో ఏదో ఒకటి వాళ్లకు చిక్కేది. చిక్కనివాళ్లు మళ్లీ వచ్చేవారు. తవిటినాయుడు అలా మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లలో మొదటివాడు.

ఉద్దానం జీడితోటల మధ్య ఉన్న తాళ్లగెడ్డ ఊళ్లో బడి అంటే ఒకటే గది. ఆ గదిలో ఒకటో తరగతి, రెండో తరగతి రెండే ఉండేవి. మూడో తరగతి చదవాలంటే ఊరి పక్కన పారే వాగు, ఆ గెడ్డ దాటి అవతల ఉన్న పెద్దబడికి పోవాలి. అయిదూళ్ల పిల్లలూ అక్కడికే వస్తారు. గవరమ్మ ఆ ఒక్క గదిలో ముప్పయ్యొక్క ఏళ్లు పాఠాలు చెప్పి ఉద్యోగం నుంచి దిగిపోయింది. ఆవిడ కూర్చున్న కుర్చీలోకే నాయుడు వచ్చాడు.

వచ్చిన మొదటి ఏడే అతనికి గట్టి దెబ్బ తగిలింది. తన చేతుల మీదుగా పదిమందిని పెద్దబడికి పంపితే, దసరా వచ్చేసరికి నలుగురు వెనక్కి వచ్చేశారు. వాళ్లు చదువు రానివాళ్లయితే అతనికి ఇంత బాధ ఉండేది కాదు. వాళ్లలో కన్నగాడు తరగతికే మొనగాడు. వాడు ఇప్పుడు మేకల వెంట తిరుగుతున్నాడు. ఎందుకు మానేశావురా అంటే నేలచూపులు చూస్తాడు.

ఈ ఏడు పదకొండుమంది. అందులో చిట్టి ఉంది. కొత్త పాఠం సగం చెప్పేసరికే మిగతా సగం తనే చదివేసే రకం. దాని తల్లి దాలమ్మ జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనిచేస్తుంది. భర్త చెన్నైలో మేడలు కట్టే పనిలో ఉన్నాడు. పిల్ల పెద్దబడిలో చేరాక తనూ అక్కడికే వెళ్లాలని దాలమ్మ నిర్ణయించుకుంది. ఒకరోజు బడి గుమ్మం దగ్గర నిలబడి ఆ మాటే చెప్పింది.

"మొదటి పది దినాలూ సూస్తాను సారూ. పెద్దబడిలో నిల్సిందా, మాయత్తకాడ ఒగ్గీసి ఎల్తాను. ఏడ్సుకుంటూ ఎనక్కొచ్చిందా, నాతోపాటు రైలెక్కించేస్తాను. అంతే మరి."

చెన్నైలో పిల్లకు బడి ఉండదని ఇద్దరికీ తెలుసు. ఇసకగుట్టల పక్కన ఎవరి చంటిపిల్లనో ఎత్తుకుని తిరగడమే దాని పని అవుతుంది. ఆ రోజు నుంచి నాయుడికి కంటి మీద కునుకు కరువైంది.

పిల్లల్ని మూడో తరగతికి తయారుచేయాలని అతను పడని పాటు లేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఆ ఒక్క గదినే పెద్దబడిగా మార్చబోయాడు. ఇనుప పట్టా ముక్క ఒకటి వేలాడదీసి గంటకోసారి మోగించాడు. పెద్దబడిలో పాఠానికో పంతులు వస్తారు కనుక, లెక్కలకు కళ్లద్దాలు పెట్టుకుని చిరచిరలాడేవాడు, పరిసరాల పాఠానికి అద్దాలు తీసేసి చొక్కా చేతులు పైకి మడుచుకునేవాడు. మూడో తరగతి ఎక్కాలు, మూడో తరగతి గుణకారాలు, మూడో తరగతి ప్రశ్నలూ జవాబులూ అన్నీ ముందే పోశాడు. పిల్లలు పాపం అన్నీ మింగారు. కానీ మొహాల్లో తేట పోయింది. అద్దాలు పెట్టుకున్న సారును చూసి ఒకటో తరగతి పిల్ల ఒకత్తి, మన సారు ఎటెల్లిపోనారని పక్కదాన్ని అడిగి ఏడ్చింది.

చైత్రం ఎండల్లో ఓ సాయంత్రం నాయుడు గవరమ్మ అరుగు మీద కూర్చుని, ఈ గోడు అంతా వెళ్లబోసుకున్నాడు. పిల్లల్ని రెండులోంచి మూడులోకి దాటించాలంటే వాళ్లకు ఏం ఇచ్చి పంపాలో చెప్పమన్నాడు. ఆవిడ అతని ముందుకు చింతపండు చేట తోసింది. చేట ఖాళీ అయ్యేదాకా అతను పిక్కలు తీశాడు. ఆ తర్వాత ఆవిడ, రేపు బడికి వస్తానంది.

అన్నట్టే వచ్చింది. పిల్లల్ని పలకరించలేదు, తల నిమరలేదు. నాయుణ్ణి పక్కకు తప్పుకోమని, హాజరుపట్టీ అడిగి తీసుకుని, రెండో తరగతి పేజీ తీసి, తల ఎత్తకుండా పేర్లు చదవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరు చదివి, రెండు ఊపిరుల సేపు ఆగి, తర్వాతి పేరుకు పోయేది.

నాయుడు ఎన్నడూ పేర్లు పిలిచి హాజరు వేసినవాడు కాదు. అవసరమేముంది? పదకొండు తలలు, ఒక చూపు. ఎవరు ఏ వరసో అతనికి తెలుసు, కళ్లతోనే హాజరు వేసి పట్టీ మూసేవాడు. పిలిచేటప్పుడు మాత్రం ఊరంతా పిలిచే ముద్దుపేర్లే. చిట్టి, పండు, బుల్లోడు, తాబేలు. ఆ ఊళ్లో ముద్దుపేర్లకు ఒక కారణం కూడా ఉంది. పిల్లవాడికి తాత పేరు పెడతారు. కోడలు మామగారి పేరు నోట పలకకూడదు. ఇంక ఆ పేరు పట్టీలో పడుకోవలసిందే, పిల్లవాడు పండుగాడై తిరగవలసిందే.

పదకొండు పేర్లకు ఇద్దరు పలికారు. మడ్డు హేమనళిని అని చదివినప్పుడు ముందు వరసలో ఉన్న చిట్టి, ఆ పిల్ల ఎవరా అని మెడ తిప్పి వెనక్కి చూసింది. వెనకవాళ్లు ఇంకా వెనక్కి చూశారు. వాళ్ల వెనక గోడ ఉంది.

గవరమ్మ పట్టీ మూసింది.

"ఇవాళ తొమ్మిదిమంది బడికి రాలేదు నాయుడూ."

నాయుడు ముందు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. కిందటి శ్రావణంలో దారిలో ఎదురైన కన్నగాడు అన్న మాట గుర్తొచ్చింది. నన్ను పిలవరు సారూ, అన్నాడు. పిల్లల ఫిర్యాదులకేముంది, పిలుస్తార్లేరా, బుద్ధిగా చదువుకో అని వీపు తట్టి పంపించాడు తను. ఇప్పుడు తట్టిన ఆ చేతినే కొట్టుకోవాలనిపించింది.

ఆ మధ్యాహ్నమే అతను గెడ్డ దాటి పెద్దబడికి వెళ్లి అడిగాడు. అక్కడి మూడో తరగతి పంతులు చెడ్డవాడేం కాదు. అరవైమంది పిల్లలు, అయిదూళ్ల మొహాలు. పేరుకు పలికినవాళ్లకు పుస్తకాలిచ్చాడు, పలకనివాళ్లు రాలేదనుకున్నాడు. చాప చివర నలుగురు ఊరికే కూర్చునేవారట. అక్కల వెంట, అన్నల వెంట వచ్చే చిన్నపిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు కదా, వాళ్లూ అలాంటివాళ్లే అనుకున్నాడట. రెండు నెలలు చూసి, రాని పిల్లల పేర్లు కొట్టేశాడు. కన్నగాడు రోజూ బడికి వెళ్లాడు, ఒక్కరోజు కూడా రాలేదు. ఈ రెండూ నిజమేనని నాయుడికి తిరిగొచ్చే దారిలో అర్థమైంది. అర్థమైనకొద్దీ అయోమయం ఎక్కువైంది.

గవరమ్మ దగ్గరికి వెళ్లి, తెలిసి కూడా మీరు ముందే ఎందుకు చెప్పలేదని కొంచెం కోపంగానే అడిగాడు. ఆవిడ గెడ్డ వైపు తిరిగింది.

"నాకు మాత్రం ఎప్పుడు తెలిసిందనుకున్నావు? ముప్పయ్యొక్క ఏళ్లూ నేనూ ముద్దుగానే పిలిచేను. వెనక్కొచ్చినోళ్లందరూ చదువబ్బనోళ్లే అనుకున్నాను."

 ఆవిడ మొహం చూసిన నాయుడికి కోపం నిలబడలేదు.

ఇక రోగం తెలిసింది, మందు తెలిసింది అనుకున్నాడు అతను. మర్నాటి నుంచి ముద్దుపేర్లు బంద్. పట్టీలో ఉన్న పేరుతోనే పిలుస్తానని పిల్లలకు చెప్పాడు. చిట్టిని నిలబెట్టి, హేమనళిని అంటే నువ్వేనమ్మా అన్నాడు. చిట్టి తలూపింది. భూమి గుండ్రంగా ఉంటుందంటే తలూపినట్టే ఊపింది. సారు చెప్పారు కనుక అయ్యే ఉంటుంది, అంతకు మించి దానికి ఆ సంగతితో పనిలేదు.

వారం గడిచింది. గది నిశ్శబ్దమైపోయింది. పండు అని పిలవని పండుగాడు, సారుకు తన మీద కోపం వచ్చిందనుకుని అన్నం సరిగ్గా తినలేదు. చిట్టి అయితే పాఠంలో ముందుకు పరుగెత్తడం మానేసింది. హేమనళినీ, ఈ పేరా చదువు, అని నాయుడు అంటే పుస్తకం తీసుకుని చదివేది, కాని ఇంకొకరి పుస్తకం చదివినట్టు గొంతు తగ్గించి చదివేది. మూడోనాటికి అతను ఇంకొకటి గమనించాడు. చాప మీద చిట్టి తన చోటు నుంచి జానెడు పక్కకు జరిగి కూర్చుంటోంది. మర్నాడు మూరెడు జరిగింది. దాని పక్కన చాప మీద ఒక మనిషికి సరిపడే ఖాళీ. అందులో ఎవరైనా కూర్చోబోతే ఒప్పుకోవడం లేదు.

శనివారం బడి వదిలాక చిట్టి అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. సంచీ పట్టీని నోట్లో పెట్టుకుని కొంతసేపు కొరికి, చివరికి అడిగింది.

"ఆ పిల్లొచ్చేస్తే నానెక్కడ కూకోవాల సారూ?"

 నాయుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తను చేసిన వైద్యం ఎలాంటిదో అప్పుడు తెలిసింది. పిల్ల తన చోటును పట్టీలోని ఎవరో పిల్లకు ఖాళీ చేసి, తను ఎక్కడికి పోవాలో తెలియక నిలబడి ఉంది. ఇలాగే వదిలేస్తే పదకొండో రోజున అది రైల్లో ఉంటుంది.

ఆ సాయంత్రం గవరమ్మ అరుగు మీద అతను కూర్చోను కూడా లేదు. నిలబడే అడిగాడు. "ముద్దుపేరుతో పిలిస్తే పిల్ల అక్కడ నిలవదు. పట్టీ పేరుతో పిలిస్తే ఇక్కడే లేకుండా పోతోంది. ఏ పేరుతో పిలవమంటారమ్మా?"

ఆవిడ మళ్లీ చింతపండు చేట తోసింది. అతను పిక్కలు తీశాడు. ఏం చేస్తాడు మరి, గురువును ఎన్నుకున్నాక చేట తప్పదు.

సోమవారం గవరమ్మ బడికి వచ్చి చాప దగ్గర నిలబడింది. చిట్టి పక్కనున్న ఖాళీని చూసి, ఇదెవరి చోటని అడిగింది. హేమనళినిదని చెప్పింది చిట్టి. నాయుడు, ఆ హేమనళిని నువ్వేనని మొన్న చెప్పానా లేదా అని మొదలుపెట్టబోతే, గవరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"రోజూ చోటుంచితే సరా? పోయి పిలుచుకురా."

చిట్టి సారు వైపు చూసింది. సారు పంతులమ్మ వైపు చూశాడు. పంతులమ్మ గుమ్మం వైపు చూసింది. చిట్టి లేచి, గౌను సర్దుకుని, బయటికి నడిచింది.

గంట గడిచినా రాలేదు. నాయుడు రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్నట్టయిందని మనసులో పంతులమ్మను తిట్టుకున్నాడు కూడా. ఆవిడ మాత్రం చాప అంచున లేచిపోయిన తాటాకు అల్లికను తాపీగా లోపలికి దోపుతూ కూర్చుంది.

చివరికి చిట్టి వచ్చింది. వెనకాల దాలమ్మ కూడా వచ్చింది. షెడ్డులోంచి అలాగే వచ్చేసినట్టుంది, చేతులు జీడిరసంతో నల్లగా ఉన్నాయి. జరిగింది ఆమె చెప్పింది. పిల్ల ఊళ్లో ఏడిళ్ల గుమ్మాలెక్కి, హేమనళిని ఉందా అని అడిగిందట. ఎవరూ ఎరగమన్నారట. ఎనిమిదో చోటుగా షెడ్డుకు వచ్చి, అమ్మా, హేమనళినిని ఎరుగుదువా అందట. దాలమ్మ చేతిలో కర్ర ఆగిపోయింది. పిల్ల పుట్టినప్పుడు పిడికెడు ఉంది, పెద్దాసుపత్రిలో ఇరవై రెండు రోజులు ఉంచారు. అక్కడ ఆ పేరు గల నర్సు ఒకామె, తన డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా గుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకుని కాపాడింది. ఆమె పేరే పెట్టాలని తండ్రి పట్టుబట్టాడు. ఇంటికొచ్చాక అత్తకు నోరు తిరగలేదు, చిట్టి అంది, అందరూ చిట్టి అన్నారు. ఆ పేరు నోటితో అని ఏడేళ్లయింది, తల్లినై ఉండి మర్చిపోయాను సారూ, అని దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిట్టి ఇదంతా మళ్లీ వింది. పిల్లల వైపు తిరిగి, వాళ్లకు అర్థమయ్యేలా తేల్చి చెప్పింది.

"ఆ పిల్లగుంట ఆస్పత్రిలో పుట్టినాదట. మాయమ్మ ఎరుగును. తెచ్చీసినాను."

చెప్పి, చాప మీద తను ఉంచిన ఖాళీలో వెళ్లి కూర్చుంది. కూర్చుని, ఇన్నాళ్లూ తను జరిగి కూర్చున్న పక్క చోటు వైపు ఒకసారి చూసుకుంది. అక్కడ చెయ్యి ఆనించి, పుస్తకం తెరిచింది. నాయుడు పిలవకముందే పేరా చదవడం మొదలుపెట్టింది, ఈసారి గొంతు తగ్గించలేదు.

ఆ వారమంతా తాళ్లగెడ్డలో పిల్లలు పిల్లల కోసం వెతికారు. పండుగాడు పైల సింహాచలం కోసం వెళ్లి, మంచం మీద కునుకుతున్న వాళ్ల తాతను చెయ్యి పట్టి బడికి లాక్కొచ్చాడు. ముసలాయన, నా పేరు ఇక్కడెందుకు రాసుకున్నారని గట్టిగా అడిగి, సంగతి తెలిశాక మనవణ్ణి దగ్గరికి తీసుకుని మురిసిపోయాడు. నాయుడు ఆ తర్వాత రెండు పేర్లతోనూ పిలిచాడు. పట్టీ తీసినప్పుడు ఆ పేరు, చాప మీద కూర్చున్నప్పుడు ఈ పేరు. గంట కొట్టడం మానేశాడు. కన్నగాడి ఇంటికి రెండుసార్లు వెళ్లి, వాడి అసలు పేరు వాడి తల్లి నోటనే వాడికి చెప్పించి, పెద్దబడిలో మళ్లీ రాయించాడు.

జూన్‌లో బడులు తెరిచిన రోజున నాయుడు తన బడికి కాసేపు సెలవు పెట్టి, పిల్లలతో గెడ్డ దాటాడు. మూడో తరగతి కిటికీ అవతల ఎవరికీ కనబడకుండా నిలబడ్డాడు. లోపల పంతులు తల ఎత్తకుండా పేర్లు చదువుతున్నాడు. తన ఊరి పేరు వచ్చినప్పుడల్లా నాయుడు ఒక వేలు మడిచాడు. పైల సింహాచలం పలికాడు. కన్నగాడూ తన అసలు పేరుకు పలికాడు. మడ్డు హేమనళిని అని వినబడింది. ఒక ఊపిరి గడిచింది. రెండో ఊపిరి సగంలో చిట్టి లేచి నిలబడింది.

"వచ్చిందండీ," అంది.

పిల్లలు నవ్వారు. పంతులు కూడా నవ్వి, తల ఎత్తి దాని మొహం చూసి, పట్టీలో హాజరు వేశాడు.

రెండో రోజూ అదే మాట. తొమ్మిదో రోజూ అదే. పదో రోజు సాయంత్రం దాలమ్మ ఒక్కతే పలాస స్టేషన్‌కు బయల్దేరింది. చిట్టి నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆటో దాకా వెళ్లి సాగనంపింది. కళ్లు తుడుచుకుంది, కానీ సంచీ మాత్రం భుజం మీంచి దించలేదు.

ఆ రోజు నాయుడు గవరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు సంతోషంతో వెళ్లాలి. అలా వెళ్లలేదు. పిల్ల నిలబడింది, పదకొండుమందీ నిలబడ్డారు, పన్నెండోవాడుగా కన్నగాడూ నిలబడ్డాడు. అయినా అతని తల తిరుగుతూనే ఉంది. ఆ సంగతే చెప్పాడు. చిట్టి ఇంకా ఆ పేరు వేరే పిల్లదే అనుకుంటోందని, రోజూ పొద్దున్న ఆ పిల్లను వెంటబెట్టుకుని బడికి తీసుకెళ్లి, సాయంత్రం మళ్లీ ఇంటికి తీసుకొస్తున్నట్టే ఉందని, అది తనే అని దానికి తెలిసేలా చేయడం తన చేతకాలేదని, ఇప్పుడేం చేయాలని అడిగాడు.

గవరమ్మ అతని మొహంలోకి చూసింది.

"తీసుకెళ్లనీ నాయుడూ. పంతులమ్మా అంటే నేను ముప్పయ్యొక్క ఏళ్లు పలికేను. పలికిందెవరో నాకింకా తెల్లేదు."